గోండ్వానా అనే పేరు మనది, ఆ పాఠమూ మనదే
(ధర్మపురిలో విద్యార్థుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సాంస్కృతిక సంఘం వాళ్ళు సైన్సు మీద మాట్లాడటమేంటని కొందరికి అనిపించవచ్చు. ఆట, పాట, డోలు, పెప్రె, గుస్సాడీ మా పని అని అందరికీ తెలుసు. కానీ ఊర్లకు పోయినప్పుడల్లా మేము ఒక మాట వింటున్నాం. పది దాకా చదివిన పిల్లలను ‘ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటావు’ అని అడిగితే, ‘సైన్సు మనకు రాదు సార్, అది పట్నం పిల్లలది’ అంటున్నారు. ఈ మాట పోవాలి. దాన్ని పోగొట్టడం కూడా సంస్కృతి పనే అని మేము అనుకుంటున్నాం. అందుకే ఈ రోజు ఒక్క విషయమే చెప్పదలిచాం. భౌతికశాస్త్రం, భూశాస్త్రం ఎక్కడి నుంచో బస్సెక్కి రాలేదు. అవి మన గోదావరిలో, మన గుట్టల్లో, మన డోలులో, మన అమావాస్యలో ఉన్నాయి. వాటికి పుస్తకం పెట్టిన పేర్లు నేర్చుకుంటే చాలు.

పేరుతో మొదలు పెడదాం

ప్రపంచంలో ఏ దేశపు భూశాస్త్ర పుస్తకం తెరిచినా ‘గోండ్వానా’ అనే మాట ఉంటుంది. బ్రెజిల్‌లో చదివే పిల్లవాడు, దక్షిణాఫ్రికాలో చదివే పిల్ల, ఆస్ట్రేలియాలో చదివే పిల్లలు, అందరూ ఆ మాట నేర్చుకుంటారు. అది మన గోండుల నేల పేరు. 1872లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థలో పనిచేసే మెడ్లికాట్ అనే శాస్త్రవేత్త, మధ్య భారతంలో బొగ్గు దొరికే రాతి పొరలకు ఈ పేరు వాడారు. తర్వాత 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూయెస్, ఒకప్పుడు కలిసి ఉన్న దక్షిణ ఖండాలన్నిటికీ ఇదే పేరు పెట్టారు.

కలిసి ఉన్నాయని ఎట్లా తెలిసింది? గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల వల్ల. నాలుక లాంటి ఆకు, మధ్యలో ఈనె. ఈ ఆకు అచ్చులు మన దేశపు బొగ్గు పొరల్లో ఉన్నాయి. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరిగివస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర దొరికిన రాళ్ళలో కూడా ఈ ఆకు అచ్చులు ఉన్నాయి. ఆ చెట్టు గింజ సముద్రాలు ఈది అంతటా పోలేదు. నేలే ఒకప్పుడు ఒక్కటిగా ఉండేది. అదే 1912లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ ‘ఖండాలు కదులుతాయి’ అన్నారు. అప్పుడు చాలామంది నవ్వారు. ఇప్పుడు ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. మన భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం వైపు జరుగుతోంది. మన చేతిగోరు ఏడాదిలో పెరిగేదానికన్నా కొంచెం ఎక్కువ. ఎనభై ఏళ్ళ మన అవ్వ పుట్టిన నాటి నుంచి ఈ నేల నాలుగు మీటర్లు జరిగిందన్నమాట.

నలభై ఆరు మీటర్ల తాడు

భూమి వయసు సుమారు 460 కోట్ల సంవత్సరాలు. ఆ సంఖ్య బుర్రకు ఎక్కదు. అందుకని మీ బడిలో ఒక పని చేయండి. 46 మీటర్ల తాడు తీసుకోండి. అంత తాడు లేకపోతే మైదానంలో ముగ్గు గీత గీయండి. ఒక్కో మీటరు పది కోట్ల సంవత్సరాలు. ఒక్కో మిల్లీమీటరు లక్ష సంవత్సరాలు. ఒక చివర భూమి పుట్టుక, రెండో చివర ఈ రోజు.

ఈ రోజు నుంచి వెనక్కి 2.8 మీటర్లు పోండి. అక్కడ మన బొగ్గు ఉంది. రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ గనుల్లోని బొగ్గు సుమారు 28 కోట్ల ఏళ్ళనాటి గ్లోసోప్టెరిస్ అడవి. ఆ చెట్లు బురదలో పడి, వాటి మీద ఇసుక పడి, ఆ బరువుకు, లోపలి వేడికి బొగ్గయినాయి. ఆ బొగ్గు పొరలకు కింద మరో వింత ఉంది. గుండ్రాళ్ళు, మట్టి కలిసిపోయిన పొర. అది మంచు నది మోసుకొచ్చి పోసిన పొర. చంద్రపూర్ దగ్గర ఇరాయి అనే చోట సున్నపురాయి మీద ఆ మంచు గీసిన గీతలు కూడా ఉన్నాయి. ఎండలకు పేరుపడిన మన ప్రాంతం మీద ఒకప్పుడు మంచు కప్పి ఉండేది. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది మరి.

ఇంకొంచెం ఇటు రండి. 1.8 మీటర్ల దగ్గర రాక్షసబల్లులు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 1988లో యాదగిరి అనే మన తెలుగు శాస్త్రవేత్త ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట ఊరి పేరు మీద అక్కడి రాతి పొరకు పేరు వచ్చింది, ఆ పొర పేరే బల్లికీ వచ్చింది. మన పల్లె పేరు ప్రపంచ శాస్త్రంలో శాశ్వతంగా నిలిచింది. ఆ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఈసారి విహారయాత్రకు హైదరాబాద్ పోతే జూపార్కు ఒక్కటే చూసి రాకండి. మీ జిల్లా పెద్దాయన అక్కడున్నాడు, చూసి రండి.

66 సెంటీమీటర్ల దగ్గర దక్కన్ లావా. భూమి పగిలి నిప్పు ద్రవం పొరలు పొరలుగా పారింది. అది చల్లారి నల్లరాయి అయింది. ఆ రాయి అరిగి అరిగి నల్లరేగడి అయింది. ఆదిలాబాద్ పత్తి పండేది ఆ రేగడిలోనే. మన ముల్లెలో ఉన్న పత్తి పైసలకు మూలం ఆరున్నర కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వతాలు.

మరి మనిషి ఎక్కడున్నాడు? మన జాతి పుట్టి సుమారు మూడు లక్షల ఏళ్ళు. తాడు చివర మూడు మిల్లీమీటర్లు. ఒక జొన్న గింజ మందం. ఈ లెక్క చేశాక పిల్లలు కాసేపు మాట్లాడరు. మేము చాలా బడుల్లో చూశాం.

నేల అదిరితే

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. మేడారం సమ్మక్క-సారలమ్మల అడవి నుంచి హైదరాబాద్ దాకా నేల కదిలింది. మన కరీంనగర్ వైపు కూడా చాలామందికి తెలిసింది. అంతకు ముందు 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. దేవతల కోపమని కొందరన్నారు. సంగతి ఇది: గోదావరి లోయ మామూలు లోయ కాదు. గోండ్వానా విడిపోక ముందే ఇక్కడ భూమి పైపొర సాగి, పగిలి, మధ్యభాగం కిందికి జారింది. ఆ గుంటలోనే ఇసుక, బురద, అడవి నిండి మన ఇసుకరాళ్ళు, బొగ్గు తయారైనాయి. ఆ పాత పగుళ్ళు ఇంకా కింద ఉన్నాయి. ఫలకం కదులుతుంటే ఆ పగుళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుంది. పట్టు తప్పిన క్షణం నేల అదురుతుంది.

5.3కు, 5.7కు తేడా కొంచెమే అనిపిస్తుంది. కానీ ఈ కొలత మామూలు స్కేలు లాంటిది కాదు. ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. అందుకే 5.7లో విడుదలైన శక్తి 5.3 కన్నా దాదాపు నాలుగు రెట్లు. బడిలో ఉండగా నేల అదిరితే తోసుకుంటూ పరిగెత్తొద్దు. బెంచీ కింద దూరి, తల కాపాడుకుని, అదురు ఆగాక వరుసగా బయటికి రండి.

కర్ర ఒకటి చాలు

ఇప్పుడు నేల మీది నుంచి ఆకాశంలోకి పోదాం. ధర్మపురి భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అదెట్లా తెలుసుకోవాలి? రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూడండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఉత్తరాన నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టండి. రెండు పిడికిళ్ళ దగ్గర ధ్రువ నక్షత్రం ఉంటుంది. అదే మీ అక్షాంశం. దాన్ని కనుక్కోవడానికి మన పెద్దలు మంచం కోళ్ళ చుక్కలను చూపేవాళ్ళు. నాలుగు చుక్కలు మంచం, వెనక మూడు చుక్కలు. పుస్తకం దాన్నే సప్తర్షి మండలం అంటుంది. కృత్తికలను మన ఊర్లలో పిల్లలకోడి అంటారు. పేర్లు రెండున్నా చుక్కలు అవే.

పగలైతే ఒక మీటరు కర్రను నిట్టనిలువుగా పాతండి. మిట్టమధ్యాహ్నం నీడ కొలవండి. డిసెంబర్ 21, 22 తేదీల్లో నీడ ఉత్తరం వైపు 91 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. మే 15 ప్రాంతంలో ధర్మపురిలో నీడ మాయమైపోతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ తర్వాత నీడ దక్షిణం వైపు పడుతుంది, జూన్ 21 నాటికి ఎనిమిది సెంటీమీటర్లు. మళ్ళీ జూలై 27, 28 ప్రాంతంలో మాయమవుతుంది. ‘మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుంది’ అని ఎవరన్నా అంటే, మీ కర్ర చూపించండి.

ఇంకో గమ్మత్తు. మే నెలలో ఆ నీడ మాయమయ్యేది గడియారంలో 12 గంటలకు కాదు, 12 గంటల 10 నిమిషాలకు. జూలైలో అయితే 12 గంటల 20 నిమిషాలకు. దేశమంతటికీ ఒకే టైము కాకినాడ సమీపం గుండా పోయే రేఖాంశాన్ని బట్టి పెట్టారు. మనం దానికి పడమర ఉన్నాం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అందుకే మనకు పొద్దు కొంచెం ఆలస్యంగా నెత్తికెక్కుతుంది. మిగిలిన తేడా భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సరిగ్గా గుండ్రంగా లేకపోవడం వల్ల, భూమి ఇరుసు వాలుగా ఉండటం వల్ల వస్తుంది. సుమారు 2,200 ఏళ్ళ కింద ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో రెండు ఊర్ల నీడలు పోల్చి భూమి చుట్టుకొలత లెక్క కట్టాడు. ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు బడుల పిల్లలు ఒకే మధ్యాహ్నం నీడ కొలిస్తే, సూర్యుని కోణంలో ఒక డిగ్రీ తేడా వస్తుంది. 111ని 360తో గుణించండి. దాదాపు 40,000 కిలోమీటర్లు. రెండు కర్రలతో భూగోళం కొలిచేసినట్టే.

నాగోబా అమావాస్య, భీం పున్నమి

ప్రతి ఏటా పుష్య అమావాస్య నాడు కేస్లాపూర్‌లో నాగోబాకు మహాపూజ. దాని కోసం మెస్రం వంశం వారు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగుకు వచ్చి గోదావరి జలం తీసుకుపోతారు. అదే గోదావరి ఆ తర్వాత ధర్మపురికి వస్తుంది. కుమ్రం భీం వర్ధంతిని జోడేఘాట్‌లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకుంటాం. ఒకటి అమావాస్య, ఒకటి పున్నమి. ఈ రెండూ గుర్తుంటే చంద్రుని పాఠం వచ్చినట్టే.

చంద్రునికి సొంత వెలుగు లేదు. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుని వైపే ఉంటాడు, పొద్దుతో పాటే ఉదయించి పొద్దుతో పాటే కుంకుతాడు. వెలిగే ముఖం మనకు అటు తిరిగి ఉంటుంది. పున్నమి నాడు సూర్యునికి ఎదురుగా ఉంటాడు, పొద్దు కుంకే వేళకు తూర్పున లేస్తాడు. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు నెలలకు 354 రోజులు. సూర్యుని ఏడాది 365. పదకొండు రోజుల తేడా. అందుకే నాగోబా జాతర ఇంగ్లీషు తేదీల్లో ఏటా ముందుకు జరుగుతూ వచ్చి, అధిక మాసం పడ్డాక మళ్ళీ వెనక్కి పోతుంది. పంచాంగం అంటే చంద్రుని లెక్కనూ సూర్యుని లెక్కనూ కలిపి కట్టే గణితం.

ధర్మపురికి పుష్కరాలు కూడా ఇట్లాంటి లెక్కే. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, 2027లో రాబోతున్నాయి. గురుగ్రహం సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. గురుడు సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి 11.86 సంవత్సరాలు పడుతుంది. మనం పన్నెండు అంటాం, కానీ ఏడు చుట్లకు 84 ఏళ్ళు కాదు, 83 ఏళ్ళే. స్నానానికి వచ్చిన భక్తునికి అది పుణ్యకాలం. ఆ రాత్రి పైకి చూసిన విద్యార్థికి అది సౌరకుటుంబపు గడియారం.

ప్రాణాలు కాపాడే మూడు పాఠాలు

ఇప్పటిదాకా చెప్పింది ఒక ఎత్తు. ఇక చెప్పేది ఇంకో ఎత్తు. పిల్లలూ, దీన్ని పరీక్ష కోసం కాదు, మీ కోసం, మీ ఇంటివాళ్ళ కోసం గుర్తుపెట్టుకోండి.

మొదటిది నీటి లోతు. గిన్నెలో ఒక రూపాయి బిళ్ళ వేయండి. బిళ్ళ కనబడనంత దూరం జరగండి. తలకాయ కదపకుండా ఇంకొకరిని గిన్నెలో నీళ్ళు పోయమనండి. బిళ్ళ పైకి లేచినట్టు కనబడుతుంది. నీటిలో నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. దాని పేరు వక్రీభవనం. దీనివల్ల తేట నీళ్ళను పైనుంచి చూస్తే అసలు లోతులో మూడు వంతులే కనిపిస్తుంది. ఎనిమిది అడుగుల మడుగు ఆరడుగులుగా కనబడుతుంది. ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. ధర్మపురికి వస్తే యమపురి లేదని పెద్దలంటారు. కానీ నడుము లోతే అనుకుని మడుగులో దిగిన పిల్లలు మన మధ్య లేకుండా పోయారు. ఇసుక తీసిన గుంతలున్న చోట ఒక్క అడుగులో లోతు మారుతుంది. కంటిని నమ్మొద్దు, కర్రతో కొలవండి. ఈత రాకుండా దిగొద్దు.

పారే నీటి సంగతి వేరే. నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. అందుకే నిన్న దాటిన వాగు ఈ రోజు మోకాలి లోతే ఉన్నా మనిషిని పడేస్తుంది. రెండడుగుల ప్రవాహం కారునే తేల్చి తీసుకుపోతుంది. కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే ఆటో అన్న ‘ఏం కాదు, కూర్చో’ అన్నా దిగిపోండి. ఒక పూట బడి పోతే పోనీ.

రెండోది పిడుగు. వానకాలం మొదట్లో పత్తి చేన్లలో పనిచేసే మనవాళ్ళు పిడుగులకు బలవుతున్నారు. మెరుపు వెలుగు ఆ క్షణమే కనబడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. అంటే కిలోమీటరుకు మూడు సెకన్లు. మెరుపు కనబడగానే లెక్కపెట్టండి. ఉరుము వినబడే దాకా వచ్చిన సంఖ్యను మూడుతో భాగించండి. అదే కిలోమీటర్లలో దూరం. ముప్పై లోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉంది. వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. ఒంటరి చెట్టు కిందికి అస్సలు పోవద్దు. పిడుగు చెట్టు మీద పడి నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. దగ్గరి నేలకు, దూరపు నేలకు విద్యుత్ పీడనంలో తేడా ఉంటుంది. రెండు కాళ్ళు ఎడంగా ఉంటే ఆ తేడా వల్ల కరెంటు ఒంట్లోంచి పోతుంది. ముందుకాళ్ళకు వెనకకాళ్ళకు దూరం ఎక్కువ కాబట్టే చెట్టు కింది పశువులు మందకు మంద చనిపోతాయి. ఇల్లు దొరకని చోట చిక్కుకుంటే పడుకోవద్దు, కాళ్ళు రెండూ కలిపి గొంతుక్కూర్చోవాలి.

మూడోది చలి. అర్లి టి, గిన్నెధరి, సిర్పూర్ యు లాంటి మన ఊర్లలో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దిగువకు పడిన రోజులున్నాయి. అదే ప్రాంతం వేసవిలో నిప్పుల కుంపటి. ఎందుకు? సముద్రం దూరం. నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది, నేల తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది. చలికాలం మబ్బు ఉండదు, గాలిలో తేమ ఉండదు. నేల పగలు దాచుకున్న వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా ఆపేది. చల్లగాలి బరువైనది కాబట్టి గుట్టల మీది నుంచి జారి లోయల్లో చేరుతుంది. చలికి తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. గాలి చాలని చోట బొగ్గు కాలితే వాసన లేని విషవాయువు పుడుతుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కుంటాల, డోలు

కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. ఆ ఎత్తు నుంచి మెట్లకు తగలకుండా ఒక రాయి జారి పడితే కింద చేరడానికి మూడు సెకన్లు. ఎట్లా? భూమి లాగే బలం వల్ల ప్రతి సెకనుకూ వేగం దాదాపు 10 మీటర్లు పెరుగుతుంది. మొదటి సెకనులో 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25. కలిపితే 45. కింద తాకేటప్పుడు వేగం సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 108 కిలోమీటర్లు. పెద్ద రాయికైనా చిన్న రాయికైనా ఇదే లెక్క. ఈ లెక్క కాగితం మీదే చేయండి. అంచుకు పోయి రాయి వేయొద్దు, ఆ పాకుడు రాళ్ళు చాలామందిని మింగాయి.

ఆడే ముందు డప్పును మంట దగ్గర కాచడం మీరు చూశారు. ఎందుకు కాస్తారు? తోలులో తేమ పోయి అది బిగుసుకుంటుంది. బిగుసుకున్న తోలు సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తుంది. కంపనం పెరిగితే శ్రుతి పెరుగుతుంది. కిక్రి తీగ బిగించినా అదే, వేలితో తీగను పొట్టి చేసినా అదే. మా కళాకారులు ఈ సూత్రం చదవలేదు కానీ చేతితో చేసి చూపిస్తారు. 2021లో మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆటకు తోడైన వాయిద్యాల్లో తరంగాల పాఠం మొత్తం ఉంది. తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెప్పే సార్లకు మా మనవి: ఆ రోజు ఊర్లో నుంచి ఒక వాయిద్యకారుణ్ణి తరగతికి పిలవండి. మేము పంపిస్తాం.

భాష అడ్డం కాదు, మెట్టు

‘పుస్తకం తెలుగులో ఉంటుంది, ఇంట్లో గోండి, కొలామి మాట్లాడతాం, అర్థం కాదు’ అని పిల్లలు అంటారు. న్యాయమైన మాటే. కానీ ఒకసారి చూడండి. తెలుగులో చుక్క, గోండిలో సుక్కుం. తెలుగులో పొద్దు, గోండిలో పొర్ద్. తెలుగులో నెల, గోండిలో నెలెంజ్ అంటే చంద్రుడు. తెలుగులో ఏరు పారుతుంది, గోండిలో యేర్ అంటే నీళ్ళే. ఊరిని బట్టి పలుకు కొంచెం మారుతుంది, వేరు ఒక్కటే. ఆకాశం, నీరు గురించిన మాటలు రెండు భాషల్లో అక్కాచెల్లెళ్ళు. 1943లోనే మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టి, పిల్లలకు ముందు గోండిలో చెప్పించారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఆ లిపిలో ఫోనులో కూడా రాయవచ్చు. ఆ లిపిలో కథలు, పాటలే కాదు, వక్రీభవనం, పిడుగు, భూకంపం పాఠాలు కూడా రావాలి. అవి రాసే పిల్లలు ఈ సభలోనే కూర్చున్నారని మా నమ్మకం.

పెద్దలకు ఒక మాట. బొగ్గు కోసం, ఆనకట్ట కోసం, సున్నపురాయి కోసం మన నేల మీదికి కాగితాలు వస్తుంటాయి. గ్రామసభలో చదువుతారు. అందులో రాతి పొరల పేర్లు, భూగర్భ జలమట్టం, ముంపు మట్టం, కంపనాల కొలతలు ఉంటాయి. చేతులెత్తమన్నప్పుడు ఎత్తుతాం, సంతకం పెట్టమన్న చోట వేలిముద్ర వేస్తాం. ఆ కాగితాన్ని నిలబడి చదివి, ‘ఈ మట్టం దాకా నీళ్ళొస్తే మా ఎగువ చేను ఏమవుతుంది, మా బావి ఎండిపోతుందా’ అని లెక్కతో అడిగే పిల్ల మన గూడెంలో ఒక్కతి ఉన్నా గ్రామసభ తీరు మారుతుంది. ఆ పిల్లను ఇంటర్‌లో సైన్సు గ్రూపులో చేర్పించండి. పదో తరగతి అయిపోగానే పెళ్ళి మాట ఎత్తకండి. మగపిల్లవాణ్ణి పత్తి ఏరడానికి బడి మాన్పించకండి.

పిల్లలకు మా సంఘం అప్పగించే పని ఇది. ప్రతి హాస్టల్లో ఒక కర్ర పాతండి. ఏడాది పొడుగునా వారానికి ఒకసారి మధ్యాహ్నం నీడ కొలిచి నోటుబుక్కులో రాయండి. మొదటి ఉరుము వినబడిన రోజు రాయండి. మీ వాగులో నీటి మట్టం ఏ రోజు ఎంతో రాయండి. మీ ఊరి రాళ్ళు ఏరి, దొరికిన చోటు పేరుతో అట్టపెట్టెలో దాచండి. వచ్చే ఏడు ఆ పుస్తకాలన్నీ ఒక చోట పెట్టి చూద్దాం. సైన్సు చదవడమంటే ఇదే. చూడటం, కొలవడం, రాయడం, మళ్ళీ చూసి సరిచూసుకోవడం.

కుమ్రం భీం పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి మూడు మాటలు: జల్, జంగల్, జమీన్. నీరు ఎట్లా పారుతుందో, అడవి ఎట్లా బొగ్గయిందో, నేల ఎట్లా కదులుతుందో చెప్పేవే భౌతికశాస్త్రం, భూశాస్త్రం. ఆయన వాటి మీద హక్కు కోసం 1940లో ప్రాణమిచ్చాడు. వాటి గురించిన జ్ఞానం మీద హక్కు మనం చదివి తెచ్చుకోవాలి.

 జై సేవా. జై కుమ్రం భీం.